మలక్‌పేట పెరటికి చెట్లు

దూరపు చెట్టును తెప్పించుకొనవలెనను కోరిక మన యాడువారికి క్రొత్త కాదు. సత్యభామ కోరగా శ్రీకృష్ణుడు ఇంద్రుని నందనవనమునుండి పారిజాతమును పెకలించి తెచ్చి యామె పెరటిలో నాటెను. నంది తిమ్మన యా కథను కావ్యముగా వ్రాసెను. అయితే ఆ చెట్టు ఎన్ని వేళ్లతో వచ్చినది, దారిలో దానికి ఎండ తగిలినదా, సముద్రతీరమందలి ద్వారక నేల దానికి సరిపడినదా యని మనకు చెప్పినవారు లేరు. గరుత్మంతుని వీపుమీద వచ్చిన దేవతావృక్షమున కట్టి విచారములు అక్కరలేదు కాబోలు. లారీలమీదను, అట్టపెట్టెలలోను వచ్చు మన మొక్కలకు మాత్రము అవియే ప్రాణము.

మేము మలక్‌పేటలో నుండువారము. మా యింటివారు బడిపంతులు. మామగారి నాటి పాతయిల్లు శిథిలము కాగా, నిరుడు ఆ స్థలమందే చిన్న యిల్లు కట్టుకొంటిమి. ఇంటివెనుక ముప్పది యడుగుల పొడవు, పదునెనిమిది యడుగుల వెడల్పు గల నేల మిగిలినది. అప్పటినుండి ఆ నేలను గురించి చెప్పని సలహా లేదు. బండలు పఱపించిన బండి నిలుపుకొనుటకు వీలుగా నుండునని పొరుగువారనిరి. రేకులు వేయించి అద్దెకిచ్చినచో నెలకింత వచ్చునని మఱియొకరనిరి. పంతులుగారి జీతముతో నడచు సంసారమునకు ఆ మాట చేదుగా నుండదు. అయినను, ఆ నేల మూయక చెట్లు నాటుటకే మేమందఱము నిశ్చయించితిమి. ఏ చెట్లు, ఎచ్చటినుండి యన్న ప్రశ్న యటుపిమ్మట పుట్టినది. అదియే యిప్పుడు చదువరులతో ముచ్చటింపదలచిన విషయము.

మలక్‌పేట యను పేరు, 1626 మొదలు 1672 వఱకు గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడగు మాలిక్ యాకూబు వలన వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను 1886లో గుఱ్ఱపుపందెములను మౌలాలినుండి యిచ్చటికి మార్పించెను. ప్రక్కనున్న గుట్టమీద అస్మాన్ జా కట్టించిన అస్మాన్‌గఢ్ కోట కలదు. మఱికొంచెము దూరమున నిజాము సైన్యములకు నాయకుడై 1798లో మృతినొందిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధియున్నది. మస్యూ రేమండు మన జనుల నోట మూసారామైనాడు. ఆ పేటను నేటికిని మూసారాంబాగ్ అనుచున్నాము. బాగ్ అనగా తోట యని మనకెల్లరకు దెలిసినదే. 2018లో ఈ త్రోవన మెట్రోరైలు నడచుట మొదలైనది. మలక్‌పేట, న్యూమార్కెట్, మూసారాంబాగ్ స్టేషనులనుండి క్రిందికి చూచినచో మేడలును, దుకాణములును, బండ్లవరుసలును కానవచ్చును గాని, బాగ్ అన్న మాటకు తగిన పచ్చదనము కొంచెమే కానవచ్చును.

ఇట్టిచోట ఒక్క పెరటిచెట్టు వలన నేమగునని యడుగువారు కలరు. మా పేట కుత్తరముగా మూసీనది పాఱుచున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ నదికి వచ్చిన వఱద వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. ఆనాడు అఫ్జల్‌గంజిలో నొక చింతచెట్టు నెక్కి యించుమించు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్న ఆ చింతచెట్టును నేటికిని జనులు చూపించి చెప్పుకొందురు. దానిని నాటినవా రెవరో వఱదను తలచి నాటియుండరు. చెట్టుయొక్క లాభము నాటినవారి లెక్కకు అందదని చెప్పుటకే దీనిని వ్రాసితిమి.

ఇక మొక్కల మాట. మా యింట మూడు పక్షములు బయలుదేరినవి. మాది గోదావరి సీమ కావున, పుట్టినింటనుండి మా తమ్ముడు, కడియమునుండి నిలువెత్తు చెట్లనే లారీలో పంపెదననెను. మఱదిగారి కుమారుడు చేతిలోని ఫోనులో పటములు చూపి, ఇల్లు కదలకుండనే యేచెట్టైనను తెప్పింపవచ్చుననెను. మా యత్తగారు డెబ్బదినాలుగేండ్ల పెద్దవారు. ఆమె, "మీరెచ్చటనుండి తెచ్చినను సరే, నేను పోవులోపల నా పెరటి కాయ నేను కోసుకొనవలెను," అనిరి. తక్కిన రెండు పక్షములకు జవాబు చెప్పవచ్చును గాని, ఈ మూడవదానికి చెట్టే జవాబు చెప్పవలెను.

వేసవిసెలవులకు పుట్టినింటికి పోయినపుడు కడియమునకు వెళ్లి చూచితిమి. రాజమహేంద్రవరమునకు సమీపముననున్న కడియము, కడియపులంక, వేమగిరి గ్రామములలో దారికి రెండుప్రక్కల కనుచూపుమేర మొక్కలే. అంట్లు కట్టువారు, సంచులలో మన్ను నింపువారు, నీరు పోయువారు, లారీల కెత్తువారు, వీరిలో సగముమంది యాడువారే. వారి వ్రేళ్లు అంటుకట్టు వేగము చూడదగినది. దేశమందలి యనేక రాష్ట్రములకు ఇచ్చటినుండి మొక్కలు పోవుచున్నవి. అచ్చటి బలము గోదావరి యొండ్రుమన్ను. ఆ మెత్తని జిగురుమన్ను వేరును చక్కగా పట్టుకొని, దూరప్రయాణమునందును ముద్ద విడకుండ నుంచును.

అయితే ఆ గుణమే మా మలక్‌పేటలో చిక్కు తెచ్చును. ఇచ్చటిది ఎఱ్ఱని చలకనేల, రెండడుగులు త్రవ్విన మొరము, అటుపైన నల్లఱాయి. జిగురుమంటి ముద్దను చలకనేలలో పాతినపుడు, పోసిన నీరు చుట్టునున్న వదులునేలలోనికి జాఱిపోయి, నడుమనున్న ముద్ద యెండి యిటుకవలె గట్టిపడును. లేదా ముద్ద తడిసి, ఆఱక, వేరు కుళ్లును. లేతవేరు ఆ ముద్దను దాటి మానేలలోనికి వచ్చువఱకు చెట్టు పేరునకే నాటబడినది గాని నాటుకొన్నది కాదు. నిలువెత్తు చెట్టుకు ఈ గండము మఱింత యెక్కువ. దాని వేళ్లలో చాలభాగము త్రవ్వినచోటనే తెగి మిగిలిపోవును, ఆకులు మాత్రము మునుపటివలె నీరు కోరును. పిల్లమొక్క యట్లుగాదు. అది నాటినచోటనే తన వేళ్లను పెంచుకొని, నాలుగైదేండ్లలో ఆ పెద్దచెట్టును మించిపోవుటయు గలదు. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత బిడ్డల పెంపకమునకే గాక చెట్ల ప్రయాణమునకును చెల్లును. తమ్ముని ప్రేమకు సంతసించి, అతడు పంపుదునన్న పెద్దచెట్లను మాత్రము వలదంటిమి.

అటుపిమ్మట నగరమందే వెదకితిమి. సాగరు రోడ్డు, విజయవాడ రోడ్డు వెంబడి నర్సరీలు పెక్కు గలవు. నెక్లెసు రోడ్డున పీపుల్స్ ప్లాజాలో జరుగు నర్సరీ మేళాకును పోయి చూచితిమి. ఒక సంగతి సోదరీమణులు గమనింపవలెను. నగరమునందు అమ్ము మొక్కయంతయు నగరమునందు పెరిగినది కాదు. కడియమునుండి మొన్న దిగిన మొక్కయు, ఇచ్చట రెండేండ్లు పెరిగిన మొక్కయు ఒక్క వరుసలోనే యుండును. కావున మేము ప్రతిచోట అమ్మువారిని ముందుగా నడిగినది ధరను కాదు. "ఈ మొక్క యిచ్చట ఎన్ని యెండకాలములు చూచినది?" అని యడిగితిమి. కొందఱు నవ్విరి. ఒక ముసలి తోటమాలి మాత్రము ముఖము వికసింప, మమ్ము పందిరివెనుకకు దీసికొనిపోయి, ఒక వేసవిని దాటిన మొక్కలను వేఱుగా చూపెను. వాని యాకులు ముందుంచినవానివలె నిగనిగలాడుచుండలేదు. కాండము మాత్రము పెన్నువలె గాక చిటికెనవ్రేలివలె నుండెను.

మొక్కను కొనునపుడు పరీక్షింపవలసినవి ఆతడు చెప్పినవియు, పుస్తకములలో చదివినవియు కలిపి యిచ్చట వ్రాయుచున్నాము. మొదట సంచి యడుగు చూడవలెను. వేరు సంచిని చీల్చుకొని నేలలో దిగియున్నచో, ఎత్తునపుడు అది తెగును. మీదిమంటిని వ్రేలితో కొంచెము కదల్చి, వేళ్లు కాండమును పామువలె చుట్టుకొన్నవేమో చూడవలెను. అట్లు చుట్టుకొన్న వేరు చెట్టు పెరిగిన కొలది దాని మెడనే నులుమును. అంటుమొక్క యైనచో అంటుకట్టినచోటు గట్టిగా అతుకుకొని, మంటికి పైన నుండవలెను. దాని క్రిందనుండి వచ్చు చిగురు మామిడి మేలుజాతిది కాదు, టెంకనుండి మొలచిన వేరుమొక్కది. దానిని త్రుంచక విడిచినచో మేలుజాతి యెండి, నాటుజాతి చెట్టగును. ఆకుల వెనుకవైపు త్రిప్పి పిండినల్లి గలదేమో చూడవలెను. నిమ్మయాకుమీద పసుపు వలయములతో గరుకైన మచ్చలున్నచో అది గజ్జితెగులు. తిరుపతిలోని పరిశోధనాలయమువారు వృద్ధిచేసిన బాలాజీ నిమ్మ యా తెగులును కొంత తట్టుకొనును. అన్నిటికంటె ముఖ్యము, కాయలతోనున్న చిన్నమొక్కను చూచి మోసపోరాదు. సంచిలోనే కాచిన మొక్క తన బలమును కాయకు ధారవోసినదే గాని వేరుకు దాచుకొన్నది కాదు. కాయ నేడు కనబడును, వేరు కనబడదు. మనము రూకలిచ్చి కొనునది వేరునే.

మేలుజాతి మామిడికొఱకు సంగారెడ్డికి ప్రయాణమైతిమి. హైదరాబాదునకు పడమరగా బొంబాయి మార్గమున నున్న ఆ పట్టణమున ఫలపరిశోధనాలయము కలదు. అది యిప్పుడు 2014లో ఏర్పడిన కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చేరినది. మంజీరా యను మామిడి ఇచ్చటిదే. రుమాని, నీలము జాతుల కలయికచే పుట్టి, పొట్టిగా పెరిగి, ఏటేట కాయును. జామలో కోహిరు జాతిని అలహాబాదు సఫేదాతో కలిపి సఫేద్ జాం, కోహిర్ సఫేదా యను రకములను ఈ శాలవారే సృష్టించిరి. కోహిరు ఆ జిల్లాలోని యూరే. మా యత్తగారి మనసు హిమాయతు మామిడిమీద నుండెను. ఆ రుచి గొప్పదే గాని, ఆ చెట్టు విస్తరించునంతటి తావు మాపెరటికి లేదు. మంజీరా అంటునొకటి, సఫేద్ జాం ఒకటి తీసికొని, తడిగోనె చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని వచ్చితిమి. ఒక్క పూటలో ముగిసిన ప్రయాణము కాన, ఒక్క ఆకైనను వాడలేదు.

తపాలాద్వారా తెప్పించుకొను పద్ధతిని తీసివేయదలచి యీ వ్యాసము వ్రాయుటలేదు. మనదేశమున 1877లోనే వి.పి.పి. ఏర్పడినది. ముందు వస్తువు, పిదప రూకలన్న ఆ యేర్పాటు వలన మాఱుమూల పల్లెలకును విత్తనపు పొట్లములు చేరినవి. మఱదిగారి కుమారుని ముచ్చట తీర్చుటకును, పోల్చి చూచుటకును ఒక నిమ్మమొక్కను, కొన్ని మునగవిత్తులను మేమును తెప్పించితిమి. తమిళదేశపు పెరియకుళములో రూపొందిన పి.కె.ఎం.-1 మునగ యది. విత్తులు చక్కగా వచ్చినవి, చక్కగా మొలచినవి. నిమ్మమొక్క యాఱవనాడు వచ్చినది. పటములో గంపెడు కాయలు, పెట్టెలో జానెడు పుల్ల, నాలుగాకులు. దాని వేళ్లు కొబ్బరిపొట్టులో నుండెను. ప్రయాణమునకు తేలికయని కాబోలు అట్లు చేయుదురు. నేలలో పాతిన పిదప ఆ పొట్టు చుట్టునున్న మంటికంటె ముందుగా నెండిపోవును. దానిని పదునైదు దినములు నీడనుంచి, పొట్టును దినదినము తడిపి, పిదప నాటితిమి. ఆకులన్నియు రాల్చి, వానలు పడిన తరువాత క్రొత్తచిగురు వేసినది. బ్రదికినది. దీనివలన మాకు తోచినదేమనగా, విత్తు ప్రయాణమునకే పుట్టినది, వేరు నిలుచుటకు పుట్టినది. మొదటిదానిని ఎంతదూరమునుండియైనను రప్పింపవచ్చును. రెండవదానిని వీలైనంత దగ్గఱనుండి, మన కన్నులతో చూచి తెచ్చుకొనవలెను. దగ్గఱ దొరకని జాతి కావలసినపుడు తపాలా నాశ్రయింపవచ్చును గాని, వేసవిలో మాత్రము వలదు.

వేరును దూరము పంపుట ఎంత కష్టమో పరదేశముల కథలును తెలుపును. లండనులోని వైద్యుడు నథానియేలు వార్డు 1829లో, మూసిన గాజుసీసాలో ఒక చిన్నమొక్క నీరు పోయకయే బ్రదుకుట గమనించి, గాజుపెట్టెలు చేయించి, 1833లో వానిలో మొక్కలను ఓడమీద ఆస్ట్రేలియాకు పంపి గెలిచెను. అంతకుముందు ఓడయెక్కిన మొక్కలలో చాలభాగము ఉప్పుగాలికి చచ్చుచుండెను. 1910లో జపానువారు స్నేహచిహ్నముగా వాషింగ్టను నగరమునకు రెండువేల చెఱ్ఱీచెట్లను పంపగా, వానిలో పురుగులు, తెగుళ్లు గనబడి, అన్నిటిని కాల్చివేయవలసివచ్చెను. జపానువారు కోపింపక, 1912లో 3,020 చెట్లను శుభ్రముగా పెంచి మరల పంపిరి. వానిలో మొదటి రెంటిని అధ్యక్షుని భార్యయగు శ్రీమతి టాఫ్టు, జపాను రాయబారి భార్య యిరువురును నాటిరి. మనదేశమునందును పరదేశపు మొక్కలతో తెగుళ్లు రాకుండుటకై 1914లోనే ఒక చట్టము పుట్టినది. దూరపు మొక్క యొంటరిగా రాదని దీని తాత్పర్యము.

తెచ్చిన మొక్కను నాటుట మఱియొక యెత్తు. క్రొత్తయిండ్ల పెరళ్లలో ఒక రహస్యశత్రువుండును. ఇల్లు కట్టునపుడు పారబోసిన సిమెంటు, సున్నము, ఇటుకముక్కలు పైమట్టిక్రింద దాగియుండును. ఆ సున్నమువలన నేల క్షారమై, నిమ్మ, జామల లేతాకులు ఈనెలు మాత్రము పచ్చగా నుండి తక్కినదంతయు పసుపెక్కును. మేము గుంటకు మూడడుగులు త్రవ్వించి, ఆ చెత్తనెల్ల తట్టలతో బయట పోయించి, ఎఱ్ఱమన్ను, బాగుగా చివికిన పశువులయెరువు, చెదలకై గుప్పెడు వేపపిండి కలిపి నింపితిమి. మృగశిర ప్రవేశించి రెండుమాఱులు వాన కురిసిన పిదప నాటితిమి.

ఎడము విషయమున వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయము మాకు తోడైనది. చెట్టుకు చెట్టుకు నడుమ ఇరువది మూరలు ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు మూరలు అధమము అని యాయన నియమించెను. మూర యనగా అడుగున్నర. ఉత్తమపక్షమున మా పెరడంతయు ఒక్క చెట్టుకే సరిపోవును. అందుచేత మామిడిని ఒక మూలను, జామను దానికి పదునెనిమిది యడుగుల యెడమున రెండవమూలను నిలిపి, పొట్టిగా కత్తిరించుకొను నిమ్మను, మునగను గోడప్రక్కకు చేర్చితిమి. కరివేపపిలకను పొరుగింటి యమ్మ ఊరకనే యిచ్చినది. ఆమె పెరటిలోని పారిజాతపు గింజలు మొలచి రెండు మొక్కలైనవి. సత్యభామ కోరిక మాకు కాని ఖర్చులేకుండ, గరుత్మంతుని పనిలేకుండ, గోడమీదుగా తీరినది.

మా యత్తగారి పందెము మాటయేమని చదువరులడుగుదురు. విత్తువేసిన మునగ యాఱుమాసములు దాటగానే పూచి, పిందె వేసినది. మొదటి కాయలు నాలుగు. ఆమెయే దోటితో లాగి కోసి, పులుసుపెట్టి, అందఱకు వడ్డించిరి. జామకు రెండుమూడేండ్లు ఓపికపట్టెదననిరి. మామిడిని గురించి మనుమరాలిని దగ్గఱకు దీసికొని, "మునగ నాకు, జామ మీయమ్మకు, మామిడి నీకు," అనిరి. పెరటిచెట్లను ఎన్నుకొనుటకు ఇంతకంటె మంచి పద్ధతి మాకు తోచదు. ఇంటనున్నవారి వయస్సులను లెక్కించి, ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క చెట్టు చొప్పున నాటుకొనవలెను. అప్పుడు నేటి యాశకు పెద్దచెట్టును పెకలింపనక్కరలేదు, రేపటి లాభమునకు నేటివారిని నిరాశపఱుప నక్కరలేదు.

సోదరీమణులారా, పెరడు లేనివారికి వాకిలియో, మేడమీద తొట్టియో యుండును. తొలకరికి ముందే మీ పొరుగున నెవరి యింట నేమి చెట్టున్నదో విచారింపుడు. ఆ నేలలో కాచిన చెట్టు మీ నేలలో కాయుటకు సగము పూచీ. పేరంటములలో ఇచ్చుకొను తాంబూలములతోపాటు ఒక పిలకనో, గుప్పెడు గింజలనో ఇచ్చిపుచ్చుకొనుడు. పెరటిచెట్టు మందునకు పనికిరాదని లోకులందురు. ఆ మాట దగ్గఱనున్నదానిని చులకనచేయు మనుష్యుల గుణమును చెప్పినదే కాని, చెట్టు గుణమును చెప్పినది కాదు.